పదకొండేళ్ల పామ్‌ను వదిలి ఐఫోన్‌కు మారవచ్చా?

(ఈ ప్రశ్నలు, జవాబులు 2009 నాటివి. ధరలు, సౌకర్యాలు, సేవలు అన్నీ అప్పటివే.)

ప్రశ్న: 1998లో పామ్ త్రీ కొన్నది మొదలు ఇప్పటి ట్రియో 650 ఫోను వరకు నా దినచర్య అంతా పామ్ సంస్థ వారి జేబు డైరీ పరికరాల్లోనే నడుస్తోంది. దాదాపు పన్నెండు వందల చిరునామాలు, పదకొండేళ్ల క్యాలెండరు, చేయవలసిన పనుల జాబితాలు, మా నాన్నగారి ఆబ్దికం ఏ ఏడాది ఏ తేదీన వస్తుందో పంచాంగం చూసి రాసుకున్న మెమోలు అందులో ఉన్నాయి. పరికరం పాతబడింది. పిల్లలు ఐఫోన్ కొనమంటున్నారు. పామ్ వారిదే కదా, కొత్తగా వచ్చిన ప్రీ ఫోను తీసుకుంటే పాత సమాచారం ఏ ఇబ్బందీ లేకుండా వచ్చేస్తుందని నాకు అనిపిస్తోంది. ఏది మేలు?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీ ఆలోచనలో ఒక్కటే పొరపాటు ఉంది. ప్రీ మీద పామ్ అన్న పేరు ఉన్నది గాని, లోపల మీరెరిగిన పామ్ లేదు. 2009 జూన్‌లో స్ప్రింట్ అనే అమెరికా ఫోను సంస్థ ద్వారా అమ్మకానికి వచ్చిన ఆ ఫోను వెబ్‌ఓఎస్ అనే పూర్తిగా కొత్త వ్యవస్థ మీద నడుస్తుంది. పరికరాన్ని కంప్యూటరుతో జతపరిచే హాట్‌సింక్ దానికి లేదు, కంప్యూటరులో మీ సమాచారాన్ని దాచే పామ్ డెస్క్‌టాప్‌తో దానికి పొత్తు లేదు. పాత సమాచారాన్ని ఒక్కసారి తరలించుకోవడానికి ఒక సాధనం ఇచ్చారు. ఆ తరువాత మీ చిరునామాలు, క్యాలెండరు గూగుల్ వంటి ఖాతాల్లో ఉండవలసిందే. పైగా జూన్‌లోనే పామ్ పగ్గాలు చేపట్టిన జాన్ రూబిన్‌స్టీన్ అంతకుముందు ఆపిల్‌లో ఐపాడ్ విభాగాన్ని నడిపిన మనిషి. సొంతూరి పేరు పెట్టిన కాలనీలో ఇల్లు కొన్నంత మాత్రాన సొంతూరు చేరినట్టు కాదు గదా. మీ సమాచారం వరకు చూస్తే ప్రీకి మారినా, ఐఫోన్‌కు మారినా సామాను సర్దుకుని ఇల్లు మారడమే. కనుక పేరు మీది మమకారాన్ని పక్కన పెట్టి, మీ అవసరాలకు ఏది సరిపోతుందో చూడండి.

అయితే ఐఫోన్‌లో మీరు పోగొట్టుకునేవి ముందే తెలుసుకోవాలి. 1996లో మొదటి పైలట్ రాకముందు దాని రూపకర్త జెఫ్ హాకిన్స్ అదే పరిమాణంలో కోసిన చెక్కముక్కను చొక్కా జేబులో వేసుకుని తిరిగేవాడట. ఎవరైనా ఫలానా రోజు ఖాళీయేనా అని అడిగితే ఆ చెక్కను బయటికి తీసి, చూసుకుంటున్నట్టు నటించేవాడట. జేబులోంచి తీయగానే జవాబు దొరకాలన్న ఆ ఒక్క పట్టుదల నుంచే, మీ పామ్ త్రీ అడుగున వరుసగా ఉన్న నాలుగు మీటలు పుట్టాయి: తేదీలు, చిరునామాలు, పనులు, మెమోలు. ఐఫోన్ పుట్టుక వేరు. 2009 నాటి ఐఫోన్‌లో చేయవలసిన పనుల జాబితా అసలు లేనే లేదు. క్యాలెండరులో రోజు, నెల, వరుస జాబితా ఉన్నాయి గాని, పామ్‌లో మనం రోజుకు పదిసార్లు చూసుకునే వారం పట్టిక లేదు. ఒకచోటి అక్షరాలను నకలు తీసి మరోచోట అతికించే సౌకర్యం కూడా 2009 జూన్‌లో వచ్చిన 3.0 వ్యవస్థతోనే దానికి అబ్బింది. పనుల జాబితాకు యాప్ స్టోరులో టూడుల్‌డూ వంటివి విడిగా దొరుకుతాయి. వారం పట్టిక లేని లోటుకు మాత్రం మీరు కొంతకాలం విసుక్కోక తప్పదు. (పాత పామ్ తెర మీద పుల్లతో ప్రత్యేక అక్షరాలుగా రాసే గ్రాఫిటీ రాతను ట్రియోతోనే వదులుకున్నారు కనుక దాని గురించి బెంగ లేదు. నేను మాత్రం నేటికీ చెక్కు మీద ఆంగ్లపు ‘ఏ’ను మధ్యగీత లేకుండా గుడిసె కప్పులా రాసి, బ్యాంకువారి చేత రెండోసారి సంతకం చేయించుకుంటూ ఉంటాను.)

ఇక తరలింపు. ఐఫోన్‌ను కంప్యూటరుతో కలిపే ఐట్యూన్స్ పామ్ డెస్క్‌టాప్‌ను గుర్తించదు కనుక మధ్యలో మైక్రోసాఫ్ట్ వారి అవుట్‌లుక్‌ను మజిలీగా పెట్టుకోవాలి. ట్రియోతో వచ్చిన సీడీని మళ్లీ కంప్యూటరులో వేసి, సమాచారం అవుట్‌లుక్‌తో జత కావాలని ఎంచుకోండి. ఆ తరువాత తెర అడుగున కుడిమూల ఉన్న హాట్‌సింక్ గుర్తు మీద నొక్కి, ‘కస్టమ్’ అన్న చోట క్యాలెండరు, చిరునామాలు, పనులు, మెమోలు ఒక్కొక్కదానికీ ‘హ్యాండ్‌హెల్డ్ ఓవర్‌రైట్స్ డెస్క్‌టాప్’ (పరికరంలోనిది కంప్యూటరులోని దాని మీదికి ఎక్కాలి) అని పెట్టండి. ఈ వాక్యాన్ని రెండుసార్లు చదివి గాని మీట నొక్కవద్దు. ఒకప్పుడు నేను తొందరలో దిశ తిరగేసి, ఖాళీ కంప్యూటరును నిండు పరికరం మీదికి ఎక్కించాను. ఏడేళ్ల చిరునామాలు రెండు నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోయాయి. నెల కిందటి నకలు మరో కంప్యూటరులో ఉండబట్టి బతికిపోయాను. కాబట్టి ముందుగా పామ్ డెస్క్‌టాప్ దస్త్రాల సంచి మొత్తాన్ని ఒక సీడీకి ఎక్కించి దాచుకోండి. మరొక సంగతి: 64 బిట్ విండోస్ ఉన్న కొత్త యంత్రంలో యూఎస్‌బీ తీగ ద్వారా హాట్‌సింక్ పనిచేయదు. పాత విండోస్ ఎక్స్‌పీ కంప్యూటరును పారేయక ముందే ఈ పని ముగించుకోవడం క్షేమం.

సమాచారం అవుట్‌లుక్‌లోకి చేరాక, ఐఫోన్‌ను తగిలించి ఐట్యూన్స్‌లోని ‘ఇన్ఫో’ పుటలో చిరునామాలు, క్యాలెండరు, నోట్సుకు గుర్తు పెడితే అవి ఫోనులోకి వెళతాయి. పనులు అవుట్‌లుక్‌లోనే ఆగిపోతాయి. ఆబ్దికం తేదీలను ఏడాదికొకటిగా విడివిడిగా రాసుకున్నారు కనుక అవి భద్రంగా వస్తాయి. ఇబ్బంది పెట్టేవి, ప్రతివారం వచ్చేలా పెట్టి మధ్యలో ఒకటి రెండు వారాలు మార్చుకున్న పనులు. వాటిని ఒక్కొక్కటీ కళ్లతో సరిచూసుకోవాలి.

మీరు హైదరాబాదు వెళ్లివచ్చేవారైతే సెట్టింగుల్లో క్యాలెండరు కింద ఉన్న ‘టైమ్ జోన్ సపోర్ట్’ను వెలిగించి, న్యూయార్క్‌ను ఎంచుకోండి. లేకపోతే, ఎడిసన్‌లో వేసవిలో ఉదయం పది గంటలకు పెట్టుకున్న పంటి వైద్యుడి అపాయింట్‌మెంటు శంషాబాదులో దిగగానే రాత్రి ఏడున్నరకు కనిపిస్తుంది.

నా సలహా ఐఫోన్ 3జీఎస్. 2009లో 16 జీబీది రెండేళ్ల ఒప్పందంతో 199 డాలర్లు. అమెరికాలో దానికి 2009 నాటికి ఏటీ అండ్ టీ అనే ఫోను సంస్థ తప్ప వేరే దారి లేదు కనుక, మీ ఇంట్లో ఆ సిగ్నల్ ఎలా ఉందో ఇరుగుపొరుగు ఫోనులో చూడండి. ట్రియోలో లాగా దీని బ్యాటరీని మీరు విప్పి మార్చుకోలేరు. రాత్రిపూట చార్జింగు అలవాటు చేసుకోండి. కొన్నాక ఒక నెల ట్రియోను కూడా బల్లమీదే ఉంచి, రెండింటినీ పక్కపక్కన సరిచూసుకోండి.

ప్రశ్న: నేను హైకోర్టు న్యాయవాదిని. కేసుల వాయిదాల డైరీ అంతా పామ్ టంగ్‌స్టన్ ఈ2లో ఉంది, ఫోను వేరు. రెండూ మోయలేక ఐఫోన్ 3జీ తీసుకుందామనుకుంటున్నాను.
– ఒక పాఠకుడు, హైదరాబాదు

జవాబు: వాయిదాలే మీ ప్రాణం కనుక మీకు ఐఫోన్ వద్దంటాను. 2008 ఆగస్టులో ఎయిర్‌టెల్, వొడాఫోన్ దానిని మన దేశంలో విడుదల చేసినప్పుడు 8 జీబీ దాని వెల 31,000 రూపాయలు. పేరులో 3జీ ఉన్నా 2009 నాటికి ఆ రెండు సంస్థల వద్ద 3జీ సేవ లేదు. వారం పట్టిక, పనుల జాబితా రెండూ ఉన్న నోకియా ఈ71 మీ వృత్తికి ఎక్కువ నప్పుతుంది. నోకియా పీసీ సూట్ అవుట్‌లుక్‌లోని పనులను, నోట్సును కూడా ఫోనులోకి చేరుస్తుంది. పై జవాబులో చెప్పిన అవుట్‌లుక్ మజిలీ మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: కొత్త ఫోనుకు మారాను. పాత పామ్ త్రీని తమ్ముడి కొడుక్కి ఇవ్వాలనుకుంటున్నాను. రహస్య సంఖ్యలను ‘ప్రైవేట్’ అని దాచాను, అది చాలదా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: చాలదమ్మా. ఆ దాపరికం తెర చాటు మాత్రమే. లోపలి అక్షరాలు ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. పవర్ మీట నొక్కి ఉంచి, వెనుకవైపు ఉన్న చిన్న రంధ్రంలోని రీసెట్ మీటను సన్నని కొనతో నొక్కి వదలండి. తరువాత పవర్ మీటను వదిలితే, అంతా చెరిపివేయమంటారా అని తెర మీద అడుగుతుంది. పైకి జరిపే మీట నొక్కండి. ట్రిపుల్ ఏ బ్యాటరీలు రెండు కొత్తవి వేసి మరీ ఇవ్వండి.