ఇంటి వెనుక మట్టి వలయం

ఐర్లండ్‌లోని కార్క్ నగర శివారు పల్లెలో ఇంటిస్థలం చూసుకున్న ఒక తెలుగు దంపతులు, వెనుక పొలంలో గుండ్రటి మట్టిగట్టు, దానిమీద ముళ్ళచెట్లు ఉన్నాయనీ, అది శ్మశానమేమోనన్న అనుమానంతో బయానా ఇవ్వలేకపోతున్నామనీ చెప్పి, అదేమిటని అడిగారు.

అది ఒకప్పటి రైతు ఇల్లు. ఇక్కడివారు రాత్ అనీ లిస్ అనీ పిలిచే ఇటువంటి వలయాలు ఐర్లండ్‌లో సుమారు 45,000 ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం క్రీ.శ. 600 నుంచి 900 మధ్య కట్టినవి. రాత్‌మైన్స్, లిస్మోర్ వంటి ఊరిపేర్లలో వినిపించేది ఈ మాటలే. చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టినే లోపలివైపు గట్టుగా పోసి, ముప్ఫై మీటర్ల అడ్డుకొలత గల ఆవరణలో కాపురం ఉండేవారు. ఆవులే ఆస్తిగా లెక్కించిన ఆ కాలంలో దొంగల బెడద పశువులకే ఎక్కువ కాబట్టి, కోట అనడం కన్నా కంచె వేసుకున్న కమతం అనడమే సబబని నాకనిపిస్తుంది. ఆంట్రిమ్ జిల్లాలోని డీర్ పార్క్ ఫామ్స్ వద్ద తవ్వినప్పుడు హేజెల్ అనే చెట్టు కర్రలతో అల్లిన గుండ్రటి ఇళ్ళ గోడలు తడి మట్టిలో చెక్కుచెదరకుండా దొరికాయి. రెండు తడికలను ఎడంగా నిలిపి, చలి చొరకుండా నడుమ గడ్డీగాదం కూరారు.

అయితే మీ అనుమానం పూర్తిగా కొట్టిపారేయదగినది కాదు. బాప్తిస్మం కాకుండానే కన్నుమూసిన పసికందులను చర్చి శ్మశానంలోకి రానివ్వని రోజుల్లో, కొన్ని వలయాల్లో వారిని పాతిపెట్టారు. అందువల్లా, అక్కడ ఫెయిరీలనే అదృశ్యజాతి నివసిస్తుందన్న నమ్మకం వల్లా, చుట్టుపక్కలవారు ఆ చెట్ల కొమ్మ కూడా విరవరు. మన ఊళ్ళో పాముపుట్టను గునపంతో పొడిచేవాణ్ణి ఎలా చూస్తామో, ఇక్కడ ఆ ముళ్ళచెట్టును నరికేవాణ్ణి అలాగే చూస్తారు.

నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఇటువంటి వలయాలను కాపాడే చట్టం మాత్రం గట్టిది. సంతకం పెట్టకముందే పురాతన కట్టడాలను చూసుకునే ప్రభుత్వ విభాగం నేషనల్ మాన్యుమెంట్స్ సర్వీస్ వారి ఆన్‌లైన్ పటంలో మీ స్థలాన్ని వెతికి, దగ్గరలో గుర్తు కనిపిస్తే సొలిసిటర్‌కూ (స్థలం పత్రాలు చూసే లాయరు) ఇంజనీరుకూ చూపించండి. ఇంటి అనుమతికి ముందు పురావస్తు పరిశీలన కోరవచ్చు, దానికయ్యే ఖర్చు సాధారణంగా కట్టుకునేవారిదే. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్‌తో పాతవస్తువులు వెతకడం నేరం.

పిల్లలకు చూపించాలనుకుంటే ముందుగా ఆ రైతును అడగండి, ఎందుకంటే పరుల పొలంలో నడిచే హక్కు ఇక్కడ అందరికీ లేదు. మూసి ఉన్న గేటును దాటాక మళ్ళీ మూయండి. లోపల ఆబోతు కనిపిస్తే ఆ రోజుకు గట్టు ఎక్కడం మానుకోండి.