తల వంగే టార్చిలైటు కొనొచ్చా?

మామూలు టార్చి ఉండగా తల వంచే రకం ఎందుకు, అది తొందరగా పాడవుతుందా అన్నదే కదా ప్రశ్న. రెండు చేతులతో చేసే పనులుంటే కొనండి. సింకు కింద పైపు బిగిస్తూ టార్చిని నోట్లో కరుచుకునో, పక్కన పెడితే దొర్లిపోతోందని తిట్టుకునో పని చేసినవాళ్లకి దీని విలువ వెంటనే తెలుస్తుంది: తలని 90 డిగ్రీలు వంచి జేబుకి క్లిప్పు పెట్టుకున్నా, అడుగున అయస్కాంతం ఉంటే ఇనుప వస్తువుకి అతికించినా, వెలుగు కావలసిన చోటే పడుతుంది.

తంటా అంతా ఆ కీలు దగ్గరే. వంచినప్పుడల్లా లోపలి వైర్లు నలిగి కొన్నాళ్లకి లైటు మినుకుమినుకుమనొచ్చు, బిగి తగ్గితే తల దానంతటదే వాలిపోతుంది (నాదొకటి నిద్రొచ్చిన పిల్లాడిలా తల వాల్చేసేది). ఎల్‌ఈడీ వేడి కీలు దాటి కింది గొట్టంలోకి సరిగా పోదు కాబట్టి ఫుల్ వెలుగు ఎక్కువసేపు నిలవడం కష్టం. నీళ్లు దూరడానికీ అదే దారి, అందుకే ఐపీఎక్స్7, అంటే మీటరు లోతు నీళ్లలో 30 నిమిషాలు తట్టుకునే రేటింగు, ఉందేమో చూడండి.

కొనేముందు తలని సగం వంచి గట్టిగా కుదపండి. కదలకపోతే సరే. నడకకే అయితే మామూలుదే చాలు. వెలుగు ఎప్పుడూ పక్కకే పడితే చాలనుకుంటే ఎల్ ఆకారపు టార్చి ఉంది, దాంట్లో అసలు కీలే ఉండదు.