ప్రొఫెసర్ జీవితం రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

జర్మన్ రాజనీతిశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ ఫ్రెంకెల్ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. కష్టపడ్డావు, కాదనను. కానీ 1898లో కొలోన్‌లో పుట్టాడు, లా చదివాడు, బెర్లిన్ ఫ్రీ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాడు, 1967లో రిటైరయ్యాడు, 1975లో పోయాడు అంటూ వరసపెట్టి చెప్పుకుపోతే అది బయోడేటా అవుతుంది. అసలు కథ నువ్వు రెండు లైన్లలో దాటేసిన చోటే ఉంది.

ఆయన బెర్లిన్ తిరిగొచ్చి రాజనీతిశాస్త్రం చెప్పడం మొదలుపెట్టేసరికి యాభై దాటాయి. పేరు తెచ్చిన ‘ద డ్యూయల్ స్టేట్’ (జంట రాజ్యం) పుస్తకం అంతకు పదేళ్ల ముందే, 1941లో, అమెరికాలో ఇంగ్లీషులో వచ్చేసింది. అది యూనివర్సిటీలో కూర్చుని రాసింది కాదు. అప్పట్లో ఆయన లోహ కార్మికుల సంఘానికి కేసులు వాదించిన లాయరు. యూదుడు. హిట్లర్ వచ్చాక యూదు లాయర్లను కోర్టుల నుంచి తరిమేస్తుంటే, మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేసినందుకు మినహాయింపు దొరికి ప్రాక్టీసు నిలిచింది.

ఆ కోర్టులో ఆయన చూసిందేమిటో అక్కడ ఆగి రాయి. వ్యాపార ఒప్పందం మీద తగాదా వస్తే జడ్జి పాత చట్టాల పుస్తకం తెరిచి, పద్ధతిగా తీర్పు చెప్పేవాడు. అదే వ్యవహారానికి ‘రాజకీయం’ అన్న ముద్ర పడిందా, ఇక చట్టం లేదు. కోర్టు నిర్దోషి అన్న మనిషిని కూడా నాజీల రహస్య పోలీసు గెస్టపో పట్టుకెళ్లి నిర్బంధ క్యాంపులో పడేసేది. ఒకే దేశంలో రెండు రాజ్యాలు. ఏ కేసు ఏ రాజ్యం కిందికి వస్తుందో తేల్చేది మాత్రం రెండోదే. జర్మన్ పార్లమెంటు భవనం రైష్టాగ్ తగలబడిన మర్నాడు, 1933 ఫిబ్రవరి 28న వచ్చిన అత్యవసర ఉత్తర్వే ఆ పాలనకు రాజ్యాంగమని ఆయన తేల్చాడు. ఇదంతా బెర్లిన్‌లోనే, రహస్యంగా రాశాడు. రాతప్రతి ఒక ఫ్రెంచ్ దౌత్య ఉద్యోగి సామానులో దేశం దాటింది. 1938లో ఆయనా వెళ్లిపోయాడు.

మన ఎమర్జెన్సీతో పోలిక పెట్టిన పేరా తీసెయ్. చప్పట్లు పడతాయేమో గానీ, ఆ పోలిక నిలబడాలంటే వేరే వ్యాసమే రాయాలి. కొరియాలో అమెరికన్ల న్యాయ సలహాదారుగా పనిచేసిన కాలానికి ఒక్క వాక్యం చాలు.

తర్వాత ఆయన క్లాసుల్లో చెప్పిన బహుళత్వ సిద్ధాంతాన్ని ఆ లాయరు బతుకుతో కలిపి చూడు. ప్రజాహితం ముందే ఎవరి జేబులోనో సిద్ధంగా ఉండదు, అందరూ ఒప్పుకున్న నియమాల మధ్య సంఘాలూ పార్టీలూ పోట్లాడుకుంటే చివరికి తేలేదే ప్రజాహితం అంటాడాయన. యూనియన్ బేరసారాలు దగ్గరుండి చూసినవాడి మాట అది. అలాగని ఆయన్ని దేవుణ్ణి చెయ్యకు. 1960ల చివర్లో బెర్లిన్ విద్యార్థులు తిరగబడితే ఆయన బాగా కలవరపడ్డాడు. వాళ్ల కోపానికీ కారణాలున్నాయి. వియత్నాం యుద్ధం ఉంది, పాత నాజీలు పదవుల్లో ఉండిపోవడం ఉంది. రెండు పక్షాలూ రాయి, తీర్పు నువ్వు చెప్పొద్దు.

1933తో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు. పుట్టిన తేదీ మూడో పేరాలో వచ్చినా నష్టం లేదు.

ఆశీస్సులతో,
అన్నయ్య