మీ అమ్మ మొదటి అడుగు ఏ రోజున పడింది?

చిరంజీవి సౌభాగ్యవతి బుజ్జికి అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో "అమ్మ ఎన్నో నెలలో నడిచింది అమ్మమ్మా?" అని అడిగావు. పదకొండో నెలలో అన్నాను. "ఏ తేదీన?" అన్నావు. పాలు పొంగుతున్నాయని చెప్పి ఫోను పెట్టేశాను. పాలూ లేవు, పొంగూ లేదు. నాకు తేదీ తెలియదు. ఆ మాట నోటితో చెప్పడానికి సిగ్గేసి ఇలా కాగితం మీద పెడుతున్నాను.

మీ అమ్మ 1971 సంక్రాంతికి నాలుగు రోజుల ముందు పుట్టింది. డిసెంబరు వచ్చేసరికి పాకడం అయిపోయి, ట్రంకు పెట్టె పట్టుకుని నిలబడుతోంది. అప్పుడు విశాఖ వన్‌టౌన్‌లో, రేవుకు దగ్గరగా అద్దెకు ఉండేవాళ్లం. తాతయ్యది పోర్టులో గుమాస్తా ఉద్యోగం. పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిపడింది. పైనుంచి వచ్చే విమానాలకు వెలుగు కనబడకూడదని కిటికీ అద్దాలకు నల్ల కాగితాలు, బళ్ల దీపాలకు సగం దాకా నల్ల రంగు. చీకటి పడ్డాక అగ్గిపుల్ల గీసినా వీధిలోంచి ఎవరో ఒకరు కేకేసేవారు. డిసెంబరు 3 రాత్రి, పళ్లు వస్తూ ఏడుస్తున్న పిల్లను భుజాన వేసుకుని ఆ చీకట్లోనే గోడలు తడుముకుంటూ తిరుగుతున్నాను. అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు. అద్దాలు గలగలలాడాయి. అంతసేపూ ఏడ్చిన పిల్ల ఠక్కున ఊరుకుంది!

పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన రేవు బయట మునిగిపోయిందని తర్వాత తెలిసింది. ఎలా మునిగిందన్న దాని మీద ఇప్పటికీ రెండు దేశాలూ రెండు మాటలు చెబుతాయి. ఆ తర్వాతి రెండు వారాల్లో ఏదో ఒక సాయంత్రం, ఇంకా కాస్త వెలుగు ఉండగా, మీ అమ్మ పెట్టె వదిలేసి మూడడుగులు వేసి వచ్చి నా కుచ్చెళ్లు పట్టుకుంది. "ఏమండీ, ఇటు చూడండి" అన్నాను. తాతయ్య రేడియోకి చెవి ఆనించి ఉన్నారు. "ఉండు, వార్తలు" అన్నారు.

ఆ వార్తలు ఈ రోజు ఏ చరిత్ర పుస్తకం తిప్పినా దొరుకుతాయి. ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు డిసెంబరు 16న జరిగిందని బడిపిల్లలు కూడా చెబుతారు. ఆ మూడడుగులకు సాక్షిని నేనొక్కదాన్నే, నేనేమో రాసుకోలేదు. ఆ నెల క్యాలెండరు చాలాకాలం దాచాను. ప్రతి గడిలోనూ పాల లెక్కే. సోలెడు, సోలెడు, ఒక రోజు నాగా. పిల్ల నడిచిందన్న ఒక్క మాటకు అందులో చోటు లేకపోలేదు.

అందుకని, మీ పాప మొదటి అడుగు వేసిన రోజు నువ్వు రాసుకో. ఫోనులో ఫొటోలు ఉన్నాయి కదా అంటావు. నీ ఫోనులో నాలుగు వేల ఫొటోలు ఉన్నాయని నువ్వే చెప్పావు, వాటిలో ఒకటి వెతకడానికి పావుగంట పట్టడం నేను చూశాను. వంటింటి గోడకు ఉన్న తెలుగు క్యాలెండరు చాలు. ఉత్త "నడిచింది" అని మాత్రం రాయకు. ఇంట్లో ఎవరున్నారు, పొయ్యి మీద ఏముంది, ఆ రోజు టీవీలో ఏం చెబుతున్నారు, అదీ రాయి. దేశానికి పెద్ద రోజైతే మరీ రాయి. ఆ రోజు ఢిల్లీలో ఏమైందో రాసేవాళ్లు బోలెడుమంది. మీ వంటింట్లో ఏమైందో నువ్వు రాయకపోతే ఇక లేనట్టే. ఆ చప్పుడికి ఒక పసిపిల్ల ఏడుపు ఆపిందని ఏ పుస్తకంలో ఉంది చెప్పు?

పక్కింటి బాబు తొమ్మిదో నెలలోనే నడిచాడని దిగులు పడుతున్నావట, మీ అమ్మ చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలోనే ఎనిమిదో నెల నుంచి దాదాపు పద్దెనిమిదో నెల దాకా ఎప్పుడు నడిచినా మామూలే. కొందరు పిల్లలు పాకకుండానే లేచి నడుస్తారు. పద్దెనిమిది నిండినా నడవకపోతే డాక్టరుకు చూపించు. అందాకా పక్కింటివాళ్ల క్యాలెండరు మనకు వద్దు.

ఇక డిసెంబరు 4 సంగతి. నౌకాదళ దినోత్సవానికి పాపకు తెల్ల యూనిఫాం వేసి బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్తూపం దగ్గర ఫొటో తీయిస్తానన్నావు. యూనిఫాం కుట్టించు, ముద్దుగానే ఉంటుంది. చేతిలో ఆట తుపాకీ మాత్రం పెట్టకు. ఆ రోజు జనంలోకి పసిపిల్లను తీసుకురావద్దు. రెండు రోజులు ఆగి పొద్దున్నే వెళ్దాం, నేనూ వస్తాను. ఆ యుద్ధంలో గెలుపుకు గుర్తుగా ఆ స్తూపం కట్టింది 1996లో. నౌకాదళ దినం ఆ తేదీన పెట్టుకున్నది, 1971 డిసెంబరు 4 రాత్రి మన క్షిపణి పడవలు కరాచీ మీద చేసిన దాడికి గుర్తుగా. ఇది చాలామందికి తెలుసు. ఐదు రోజుల తర్వాత, డిసెంబరు 9న, డయ్యూ దగ్గర మన యుద్ధనౌక ఖుక్రీ మునిగిన సంగతి తక్కువమంది తలుస్తారు. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా ఓడను వదలకుండా దానితోపాటే వెళ్లిపోయారు. పాపను ఎత్తుకుని అక్కడ నిలబడినప్పుడు ఈ మాట ఒకసారి గట్టిగా చెప్పు. దానికి అర్థం కాదు, నీకు అలవాటవుతుంది. ఐదేళ్లకు అది తిరిగి అడిగినప్పుడు తడుముకోవు.

ఇంకొకటి చెబుతాను. ఇది తాతయ్యకు నచ్చేది కాదు, దీని మీద మేమిద్దరం చాలాసార్లు వాదించుకున్నాం. ఘాజీలో 90 మందికి పైగా ఉన్నారు, ఒక్కరూ బతకలేదు. ఆ కబురు తెలిసిన రోజు మా వీధిలో మిఠాయి పంచారు, నేనూ తిన్నాను. రాత్రి మీ అమ్మకు పాలిస్తుంటే, వాళ్లలో ఎందరికి ఈ ఈడు పిల్లలున్నారో అనిపించింది. గెలిచినందుకు సంతోషం తగ్గలేదు కానీ, మిఠాయి ఇంకోసారి అడగలేదు. నువ్వు వాళ్లనూ తలుచుకుంటే నాకు తృప్తి. తలుచుకోకపోయినా నేనేమీ అనను.

బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాలకాయలు, అడుగులేస్తే అరిసెలు అంటారు కదా. మీ అమ్మ అడుగులకు అరిసెలు వండలేదు. చీకట్లో పొయ్యి వెలుగు బయటికి కనిపిస్తుందని భయం. మరుసటి నెలలోనే సంక్రాంతి వచ్చింది కాబట్టి, పండగ అరిసెలనే అడుగుల అరిసెలు అనుకుని పిల్ల చేత దాటించాం. మీ పాప విషయంలో అలా సరిపెట్టను. అడుగు పడగానే నాకు ఫోను చెయ్యి, ఈసారి పాలు నిజంగా పొంగుతున్నా పెట్టేయను. బియ్యం ఒక రోజు నానాలి, తడిపిండి కొట్టించాలి, పాకం చూడటానికి మీ అమ్మ చేతిని నేను నమ్మను. కాబట్టి మూడో రోజుకు గానీ అరిసెలు నీ దగ్గరికి చేరవు. ఈలోపు క్యాలెండరులో తేదీ వేసి ఉంచు.

మీ అమ్మమ్మ