లెక్క వస్తే చాలునా, రాత కూడా రావాలా?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. పత్తి, మిరప వేస్తాం. పెద్దబ్బాయి హనుమకొండలో సివిల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. లెక్కల్లో దిట్ట, కానీ నాలుగు వాక్యాలు రాయమంటే "ఇంజినీరుకు రాతతో పనేమిటి నాన్నా?" అంటాడు. చిన్నమ్మాయి ఇంటర్‌లో సీఈసీ తీసుకుంది. సీఏ చేస్తానంటుంది గానీ గణితమంటే జంకుతుంది. ఇంజినీరుకు రాత, అకౌంటెంటుకు గణితం నిజంగా ఏ మేరకు అవసరం? అబ్బాయిని స్పోకెన్ ఇంగ్లిష్ తరగతుల్లో చేర్పించమంటారా?
– ఒక రైతు, పరకాల

జవాబు: మీ అబ్బాయి అలా అనుకోవడంలో అతని తప్పు తక్కువ. ఇంజినీరింగ్ ప్రవేశానికి రాసే ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలుంటే వాటిలో 80 గణితానివి, మిగిలినవి భౌతిక, రసాయన శాస్త్రాలవి. సొంతంగా ఒక్క వాక్యం రాయవలసిన ప్రశ్న ఒక్కటీ లేదు. రెండేళ్లు ఆ పరీక్ష కోసమే చదివిన పిల్లవాడికి రాత కూడా చదువులో భాగమని ఎలా తెలుస్తుంది? ఉద్యోగంలో చేరిన తరువాత మాత్రం అంచనాకు ముందు ఆ పని ఎందుకు అవసరమో తెలిపే నివేదిక, ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే పుస్తకంలో) ప్రతి కొలత పక్కన అది ఏ భాగానికి చెందినదో తెలిపే వివరణ, కాంట్రాక్టరుకు లేఖ, పైఅధికారికి సంజాయిషీ, ఇవన్నీ అతని చేతి మీదుగానే వెళ్లాలి. బిల్లు చెల్లించేది ఎం-బుక్‌లోని ఆ రాతను బట్టే.

చిన్ననీటి పనుల్లో చాలా ఏళ్లు గడిపిన నాకు మరపురాని సంగతి ఒకటి ఉంది. ఒక చెరువు కట్ట బలహీనపడిందని, మరమ్మతు పూర్తయ్యేదాకా మత్తడి గోడను, అంటే చెరువు నిండాక మిగులు నీరు పొర్లిపోయే గోడను, అర మీటరు తగ్గించాలని నిర్ణయించాం. గోడ ఎత్తు మీటరున్నర. లెక్కంతా సరిగానే ఉంది. కాగితం మీద మాత్రం మా కుర్ర ఇంజినీరు "మత్తడి ఎత్తును 0.5 మీటరుకు తగ్గించవలెను" అని రాశాడు. అర మీటరు తగ్గిస్తే మీటరు గోడ మిగులుతుంది, అర మీటరుకు తగ్గిస్తే మిగిలేది అర మీటరే. మేస్త్రీ కాగితంలో ఉన్నది ఉన్నట్టే చేయబోయాడు. పొలాలకు నీళ్లు వదిలే ఊరి నీరటి వచ్చి "ఇంత తీస్తే యాసంగికి నీళ్లెక్కడివి సారూ?" అని అడ్డుపడకపోతే ఒక్క 'కు' ఆ ఆయకట్టును ఎండబెట్టేది. ఆ కాగితం మీద సంతకం నాదే కాబట్టి తప్పులో సగం నాది.

ఇక గణితం సంగతి. కంప్యూటరే అంతా లెక్కగడుతున్నదన్న మాట సగమే నిజం. చెరువుకు వచ్చే గరిష్ఠ వరదను అంచనా వేయడానికి మనవైపు వాడే రైవ్స్ సూత్రంలో వరద, పరీవాహక ప్రాంత విస్తీర్ణపు 2/3 ఘాతానికి అనుగుణంగా పెరుగుతుంది. అంటే ఇతర పరిస్థితులు ఒకేలా ఉన్నప్పుడు విస్తీర్ణం ఎనిమిది రెట్లయితే వరద నాలుగు రెట్లే అవుతుంది. ఈ పోకడ మనసులో ఉన్నవాడు తెర మీద ఎనిమిది రెట్లు కనబడగానే ఎక్కడో అంకె తప్పుగా ఎక్కించామని పసిగడతాడు. లేనివాడు దాన్నే నమ్మి అవసరానికి రెట్టింపు మత్తడి కట్టిస్తాడు.

మీ అమ్మాయి భయం విషయానికి వస్తే, ఆ గణితంలో కొంత మీ ఇంట్లోనే ఉంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే ఏడాదికి 24,000 అని మీరు నోటితోనే చెబుతారు. అదే నెలనెలా వడ్డీని అసలులో కలుపుతూ పోతే 26,824 రూపాయలవుతుంది. సీఏ ఫౌండేషన్‌లో మూడో పేపరు క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్‌లో ఇలాంటి చక్రవడ్డీ లెక్కలతో పాటు సంవర్గమానాలు, శ్రేఢులు, కలన గణితంలో ప్రాథమికాంశాలు, సాంఖ్యక శాస్త్రం, తార్కిక ప్రశ్నలు ఉంటాయి. ప్రతి పేపరులో 40, మొత్తం మీద 50 శాతం రావాలి. తప్పు జవాబుకు పావు మార్కు కోత కూడా ఉంది కాబట్టి సీఈసీ నుంచి వచ్చినవారు ఈ పేపరుకు ముందుగానే కొన్ని నెలలు కేటాయించుకోవాలి. కష్టమే, కానీ ఐఐటీ స్థాయి గణితం కాదు.

వృత్తిలో దిగాక కావలసింది అంకెల మీద అనుమానం. పన్నుతో కలిపి 1,05,000 రూపాయలున్న బిల్లులో 5 శాతం పన్ను 5,000 గాని 5,250 కాదు. రెండు మొత్తాల మధ్య తేడా తొమ్మిదితో నిశ్శేషంగా భాగించబడితే, 5,400 బదులు 4,500 అని రాసినట్టుగా అంకెలు తారుమారై ఉండవచ్చునని పాత గుమాస్తాలు మొదట అక్కడే వెతికేవారు.

ఆ అమ్మాయికి రాత కూడా తప్పదు, ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. రైతుల నుంచి పత్తి కొనే జిన్నింగ్ మిల్లు ఆ కొనుగోలుపై జీఎస్టీని రివర్స్ చార్జ్ పద్ధతిలో తానే చెల్లించాలి. రిటర్నులో తేడా ఉందంటూ ఏఎస్‌ఎంటీ-10 నోటీసు వస్తే, ఏ నెల, ఏ బిల్లు, ఎందుకు తేడా వచ్చిందో ఏఎస్‌ఎంటీ-11 అనే జవాబు ఫారంలో అధికారికి అర్థమయ్యేలా రాయాలి. లెక్క సరిగ్గానే ఉండి కూడా, జవాబు గజిబిజిగా ఉన్నందువల్ల వ్యవహారం నెలల తరబడి సాగిన సందర్భాలు నేను చూశాను. పైగా సీఏ పరీక్షలను ఇంగ్లిషులో గాని హిందీలో గాని రాయాలి, తెలుగులో రాసే వీలు లేదు.

స్పోకెన్ ఇంగ్లిష్ ఇంటర్వ్యూకు పనికొస్తుంది, చేర్పిస్తే నష్టం లేదు. కానీ అది మీ అబ్బాయికున్న లోటును పూడ్చదు. ఈ సెలవుల్లో మీ ఊరి చెరువు తూము ఎలా పనిచేస్తుందో, ఎక్కడ కారుతుందో, బాగుచేయడానికి ఏం కావాలో ఒక పేజీ తెలుగులో రాయమనండి. చదివేది మీరు. ఎక్కడ ఆగి "ఇదేమిటి?" అని అడిగితే అక్కడ అతను తిరగరాయాలి. మీరు ఆగకుండా చివరిదాకా చదివిన రోజున, ఆ పేజీనే ఇంగ్లిషులో రాయమనండి.