టవర్ ఎదురుగానే ఉంది, సిగ్నల్ ఫుల్లు, నెట్ మాత్రం నడవదు. ఎందుకు?

మేడెక్కితే టవర్ కనిపిస్తోంది, సిగ్నల్ ఫుల్లుగా ఉంది, అయినా వీడియో తిరుగుతూనే ఉంటుంది, ఇంకో టవర్ వేయమని అడగాలా అన్నారు. తొందరపడకండి. ఆరేళ్లు డ్రైవ్ టెస్టులు, అంటే బండిలో ఊరూరా తిరుగుతూ సిగ్నల్ కొలవడం, చేసినవాణ్ణి. కొత్త టవర్‌తో తీరిన ఇలాంటి ఫిర్యాదులు నేను చూసింది తక్కువే.

ఫోన్‌లో గీతలు చెప్పేది ముఖ్యంగా సిగ్నల్ బలం. పెళ్లి పందిట్లో పక్కాయన గట్టిగానే మాట్లాడుతుంటాడు, కానీ మూడు మైకులు ఒకేసారి మోగుతుంటే ఏం వినపడుతుంది? ఆ గోలలో మాట ఎంత తేటగా ఉందో చెప్పే లెక్క ఎస్‌ఐఎన్‌ఆర్.

అమలాపురం దగ్గర ఒక ఊళ్లో అచ్చం మీ బాధే. డాబా మీద కొలిస్తే బలం, అంటే ఆర్‌ఎస్‌ఆర్‌పి, మైనస్ 88. బాగానే ఉంది. ఎస్‌ఐఎన్‌ఆర్ మాత్రం మైనస్ 2. విచిత్రం ఏంటంటే కింద వరండాలో నెట్ బాగా వచ్చేది! సెల్ నంబరు (ఫోన్ నంబరు కాదు, ఫోన్ ఏ టవర్ పట్టుకుందో చెప్పే గుర్తింపు సంఖ్య) చూస్తే సంగతి తెలిసింది. డాబా మీద ఫోన్ పట్టుకున్నది ఊళ్లో టవర్‌ని కాదు, గోదావరి పాయ అవతలి దాన్ని. ఆ యాంటెన్నాని కిందికి వంచనే లేదు. నీళ్ల మీదుగా అడ్డం లేకుండా వచ్చి పడుతోంది. 4జీలో పక్కపక్క టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీ వాడతాయి కాబట్టి ఒకదాని మాట ఇంకోదానికి గోల.

40 మీటర్ల ఎత్తున్న యాంటెన్నాని 2 డిగ్రీలు వంచితే దాని నడిమి కిరణం దాదాపు 1,150 మీటర్ల దూరాన నేల తాకుతుంది. 6 డిగ్రీలైతే 380 మీటర్లకే. చాలా కొత్త యాంటెన్నాల్లో మోటారు ఉంటుంది, ఆఫీసు నుంచే కిరణాన్ని వంచేస్తాం. అక్కడిది పాతది. గాలివాన తగ్గేదాకా రెండ్రోజులు ఆగి, మనిషిని పైకెక్కించి బోల్టులు వదులు చేయించి కిందికి వంచాం. ఊళ్లో ఎస్‌ఐఎన్‌ఆర్ 11కి వచ్చింది. మర్నాడు పాయ మధ్యలో ఉన్న లంక నుంచి ఫోను: మా సిగ్నల్ ఎక్కడికి పోయింది? వాళ్లు బతికేదే ఆ వంచని యాంటెన్నా మీద. మళ్లీ ఒక డిగ్రీ పైకెత్తాం.

మీరు ముందు తెల్లవారుజామున 5కి, రాత్రి 9కి స్పీడ్ చూడండి. పొద్దున బాగుంటే అది జనం రద్దీ, వంపుతో తీరదు, అదనపు బ్యాండ్, అంటే ఇంకో ఫ్రీక్వెన్సీ, వేయాలి. ఎప్పుడూ ఇంతే అయితే డాబా మీద, కింద కొలవండి. చాలా శాంసంగ్ ఫోన్లలో *#0011# కొడితే అంకెలు కనిపిస్తాయి. ఫిర్యాదులో 'నెట్ స్లో' అని రాస్తే ఫోన్ ఆపి ఆన్ చేయమంటారు. ఆర్‌ఎస్‌ఆర్‌పి, ఎస్‌ఐఎన్‌ఆర్ అంకెలు, సెల్ నంబరు రాయండి, అప్పుడు మాలాంటివాళ్ల దాకా వస్తుంది.