జట్టంతా అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏ ఆటగాళ్లే, అయినా 2023 బాస్కెట్‌బాల్ ప్రపంచకప్‌లో అమెరికాకు కాంస్యం కూడా ఎందుకు దక్కలేదు? పెద్ద స్టార్లు రాకపోవడమేనా కారణం?

ఈ స్టార్ల మాట విని విని విసుగొస్తోంది. లెబ్రాన్ రాలేదు, కర్రీ రాలేదు, అందుకే ఓడారు అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఒకసారి స్కోర్లు చూడండి. లిథువేనియా చేతిలో 104-110, సెమీస్‌లో జర్మనీ చేతిలో 111-113, కాంస్యం కోసం ఆడిన మ్యాచ్‌లో కెనడా చేతిలో ఓవర్‌టైమ్‌లో 118-127. ఆడేది 40 నిమిషాలు. అందులో వందకు పైగా పాయింట్లు చేసిన జట్టుకు బంతి వేసేవాళ్లు కరవయ్యారంటే ఎవరు నమ్ముతారు? చేసినవి సరిపోయాయి, ఇచ్చుకున్నవి ఎక్కువయ్యాయి. నన్నడిగితే అసలు కారణం రింగ్ కింద ఉంది.

సెప్టెంబరు 3న మనీలాలో లిథువేనియా మ్యాచ్ తీసుకోండి. లిథువేనియా తన మొదటి తొమ్మిది మూడు పాయింట్ల షాట్లనూ వరసగా బుట్టలో వేసింది. అందరూ దాని గురించే మాట్లాడుకున్నారు. అది ఆ రోజు అదృష్టం అనుకుని వదిలేయొచ్చు. రీబౌండ్లలో, అంటే తప్పిన షాట్ల బంతుల్ని పట్టుకోవడంలో, లిథువేనియా 43-27తో ముందుండడాన్ని మాత్రం అదృష్టం అనలేం. లిథువేనియా ఆటగాడు వలన్చునాస్ లాంటి 211 సెంటీమీటర్ల మనిషి వీపు ఆనించి నిలబడితే, అమెరికాకు సెంటర్‌గా, అంటే రింగ్ దగ్గర కాపు కాసేవాడిగా, ఆడుతున్న జారెన్ జాక్సన్ జూనియర్ ఎత్తులో తీసిపోడు గానీ బరువులో ఆగలేడు. అమెరికా కోచ్ స్టీవ్ కెర్ వేగం కోసం కావాలనే చిన్న జట్టును, అంటే భారీకాయులు తక్కువున్న జట్టును, ఎంచుకున్నాడు. వాకర్ కెస్లర్ అనే పొడుగాటి కుర్రాడు ఉన్నా ఎక్కువ సేపు బెంచీ మీదే కూర్చున్నాడు.

ఎన్‌బీఏలో ఇదే చిన్న జట్టు నడుస్తుంది. అక్కడ డిఫెండర్ ఎవరినీ కాపు కాయకుండా రింగ్ ముందున్న పెయింట్‌లో మూడు సెకన్లకు మించి నిలబడితే అవతలి జట్టుకు ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుపడకుండా గీత దగ్గర్నుంచి వేసే ఒక పాయింటు షాట్) ఇచ్చేస్తారు. ప్రపంచకప్ నడిపే అంతర్జాతీయ సంఘం ఫీబా నిబంధనల్లో డిఫెన్స్‌కు ఆ మూడు సెకన్ల గోల లేదు. లావుపాటి సెంటర్ బంతి అవతలి జట్టు చేతిలో ఉన్నంత సేపూ అక్కడే పాతుకుపోవచ్చు. అమెరికా ఆటగాళ్లు ఎడ్వర్డ్స్, బ్రన్సన్ లాంటివాళ్లు దూసుకొచ్చే దారికి అక్కడ గోడ కట్టినట్టే. పైగా బంతి ఒకసారి రింగ్‌ను తాకిందా, అది రింగ్ పైన తిరుగుతున్నా సరే, ఎవరైనా చెయ్యి పెట్టి లోపలికి తోయొచ్చు, బయటికి లాగేయొచ్చు. ఎన్‌బీఏలో అది తప్పు. ఏడాదంతా చెయ్యి వెనక్కి లాక్కోవడం అలవాటైనవాడు ఇక్కడ అర సెకను తటపటాయిస్తాడు. ఆలోపు పని అయిపోతుంది.

ఫౌళ్ల విషయంలో చాలామంది పొరబడతారు. ఆటగాడు బయటికి పోవాలంటే ఎన్‌బీఏలో ఆరు ఫౌళ్లు, ఇక్కడ ఐదే కాబట్టి కష్టమంటారు. లెక్క వేస్తే 48 నిమిషాలకు ఆరన్నా, 40కి ఐదన్నా ఎనిమిది నిమిషాలకు ఒకటే. చిక్కు ఎక్కడంటే, క్వార్టర్ పది నిమిషాలే. మొదట్లోనే సెంటర్ రెండు ఫౌళ్లు చేసి బెంచీ ఎక్కితే, కోలుకోవడానికి ఆట మిగలదు. టైమౌట్ కూడా అంతే. ట్రాప్‌లో, అంటే ఇద్దరు డిఫెండర్ల మధ్య, ఇరుక్కున్న ఆటగాడు చేతులతో గుర్తు చూపిస్తే ఇక్కడ పలికేవాడు లేడు. కోచ్ అడగాలి, అదీ ఆట ఆగినప్పుడే.

ఇక కెనడాతో మ్యాచ్‌లో ఆఖరి నాలుగు సెకన్లు. రీబౌండ్ విలువ తెలియాలంటే ఆ ఒక్క ముక్క చాలు. కెనడా 111, అమెరికా 107. అమెరికా ఆటగాడు మికాల్ బ్రిడ్జెస్‌కు రెండు ఫ్రీ త్రోలు. మొదటిది వేశాడు, 108. రెండోది వేసినా 109 అవుతుంది, బంతి కెనడాకు పోతుంది, ఆట ముగిసినట్టే. అందుకే కావాలని తప్పించాలి. వినడానికి తేలిక, చేయడానికి కాదు. బంతి కచ్చితంగా రింగ్‌ను తాకాలి, ఉత్త బోర్డుకే తగిలి వస్తే వయొలేషన్, బంతి అవతలివాళ్లది. రింగ్‌ను తాకేదాకా వేసినవాడు గీత దాటకూడదు. మెల్లగా వేస్తే బంతి రింగ్ పక్కనే పడుతుంది, అక్కడ లోపలి స్థానాల్లో ఉన్నది డిఫెన్సే. అందుకని గట్టిగా విసరాలి, దూరంగా ఎగిరి రావాలి. గడియారం బంతిని కోర్టులో ఎవరైనా ముట్టుకున్నాకే కదులుతుంది. కాబట్టి బంతి గాలిలో ఉన్నంత సేపూ సమయం ఖర్చు కాదు.

బ్రిడ్జెస్ అవన్నీ సరిగ్గా చేశాడు. తన బంతిని తానే పట్టుకుని, మూలకు పరిగెత్తి, మూడు పాయింట్ల షాట్ వేసేశాడు. 111-111, మిగిలింది 0.6 సెకను. కెనడా తప్పు ఏమిటంటే, ఫ్రీ త్రో వేసేటప్పుడు పెయింట్ అంచుల వెంబడి ముగ్గురు డిఫెండర్లు ఉంటారు, వాళ్లలో వేసేవాడికి దగ్గరగా నిలబడ్డవాడి పని అతని దారికి అడ్డంగా ఒళ్లు పెట్టడమే. ఆ ఒక్క పని జరగలేదు. పిల్లలకు మొదటి ఏడాదే నేర్పే పాఠం ఇది. మన స్కూల్ టోర్నమెంట్లలో కూడా ఫ్రీ త్రో అనగానే అందరూ బంతిని చూస్తూ నిలబడతారు, మనిషిని ఎవరూ చూడరు. కోచ్‌లు షాట్లు నేర్పినంత శ్రద్ధగా ఇది నేర్పరు. అయినా ఓవర్‌టైమ్‌లో కెనడాయే గెలిచింది. 39 పాయింట్లు చేసిన డిలన్ బ్రూక్స్‌ను అమెరికా ఆపలేకపోయింది.

జర్మనీ సంగతి వేరు. కోచ్ గోర్డన్ హెర్బర్ట్ మూడు వేసవులు జట్టుతో ఉంటామని ఆటగాళ్ల దగ్గర ముందే మాట తీసుకున్నాడు. 2022 యూరోబాస్కెట్‌లో కాంస్యం, మరుసటి ఏడాది ఎనిమిదికి ఎనిమిది గెలిచి ప్రపంచ టైటిల్. అమెరికా జట్టు ఆగస్టు మొదట్లో లాస్ వేగాస్‌లో కలిసింది, నెలాఖరుకు టోర్నీలో ఉంది. తమాషా ఏమిటంటే ఆగస్టు 20న అబుదాబి సన్నాహక మ్యాచ్‌లో ఇదే జర్మనీని 99-91తో ఓడించింది. 19 రోజుల తర్వాత సెమీస్‌లో, చివరి రెండు నిమిషాల్లో తేడా ఒక్క పాయింటుకు వచ్చినప్పుడు, ఆంద్రెయాస్ ఓబ్స్ట్ తొణక్కుండా మూడు పాయింట్లు కొట్టాడు. ఎవరు ఎటు పరిగెడితే బంతి ఎటు వస్తుందో ఏళ్ల తరబడి తెలిసిన జట్టులోనే అలాంటి షాట్ దొరుకుతుంది. ఫైనల్లో సెర్బియాపై 83-77తో గెలిచింది, అందులో జర్మనీ ఆటగాడు ష్రోడర్‌వి 28 పాయింట్లు.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్టార్లు వచ్చారు, స్వర్ణం వచ్చింది కదా అంటారు. వచ్చిన స్టార్లలో ఎంబీడ్, ఆంథొనీ డేవిస్, అడెబాయో ఉన్నారని మరిచిపోతారు. ముగ్గురూ సెంటర్లే! కర్రీ 36 పాయింట్లు చేసిన సెర్బియా సెమీస్‌లో ఎంబీడ్ 19 చేశాడు. అప్పటికీ 17 పాయింట్లు వెనకబడి, చావుతప్పి కన్ను లొట్టబోయినట్టు 95-91తో బయటపడ్డారు.

2027 ప్రపంచకప్ మ్యాచ్‌లన్నీ దోహాలోనే. అక్కడ ఉన్న మనవాళ్లు టికెట్ దొరికితే వెళ్లండి. ఎవరెన్ని పాయింట్లు చేశారో మర్నాడైనా తెలుస్తుంది. షాట్ గాలిలో ఉన్నప్పుడు బంతిని వదిలేసి, రింగ్ కింద ఎవరి వీపు ఎవరికి తగులుతోందో చూడండి.